పెళ్ళిపీట చుట్టూ మెషీన్ ప్రదక్షిణం

చేతకాని పనికి ఎగబడటం నాకు పుట్టుకతో వచ్చింది. నా భార్య అక్కకూతురికి నందిగామలో పెళ్ళి కుదరగానే, పెళ్ళిపీట నేనే చేస్తానని అందరి ముందూ కోతలు కోశాను. జగ్గయ్యపేటలో మా వీధి వడ్రంగిని బతిమాలి రౌటర్ తెచ్చుకున్నాను. చెక్క అంచును నున్నగా, గుండ్రంగా చెక్కే కరెంటు మెషీన్ అది. అంతకుముందు నేను నడిపిన పెద్ద యంత్రం మిక్సీ.

చెక్క మాత్రం ఆషామాషీది కాదు. చనిపోయిన మా అత్తగారి టేకు పెట్టె మూత. పెట్టెను చెదలు తినేస్తే అదొక్కటే మిగిలింది.

"మా అమ్మది ఇంకేం లేదండీ నా దగ్గర. జాగ్రత్త," అంది నా భార్య.

"గడియారం ముల్లుకి ఎదురు తిప్పండి సార్. ముల్లుతోపాటు తిప్పారో, మిమ్మల్నే లాక్కుపోద్ది," అని వడ్రంగి మరీమరీ చెప్పాడు. మెషీన్‌కి బొట్టు పెట్టి, స్విచ్ వేసి, మూత బిగించిన బల్ల చుట్టూ రెండడుగులు వేశానో లేదో, నా భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఆగండాగండి! శుభమా అని పిల్ల పెళ్ళయితే, పీట చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతారా?"

"మేస్త్రి అలాగే చెప్పాడే!"

"మేస్త్రికేం, చెప్తాడు. పిల్ల మనది."

నాకూ మనసు పీకింది. వెనక్కి తిరిగి ప్రదక్షిణంగా మొదలుపెట్టాను. అంతే! మెషీన్ తాడు తెంచుకున్న గేదెలా ఉరికింది. దాని వెనక నేను, నా వెనక "కట్టెయ్యండీ!" అని అరుస్తూ ఆవిడ. ప్లగ్గు ఊడొచ్చాక గానీ ఆగలేదు. చూస్తే, ఒక మూల జీడిపప్పు ఆకారంలో గుంట.

ఆవిడ గుంటను వేలితో తడుముతూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

వడ్రంగి వచ్చి, నవ్వు ఆపుకుని, "మిగతా మూలలు కూడా ఇట్టాగే కొట్టండి సార్. డిజైన్ అనుకుంటారు," అన్నాడు. కావాలని చెడగొడదామంటే ఒక్క మూలా చెడి చావదే! చివరికి అతనే ఉలితో చెక్కిపెట్టాడు.

పెళ్ళిలో పీటకి పసుపు రాస్తూ మా వదినగారు ఆగిపోయారు. "ఇది అమ్మ పెట్టె మూత కదే! ఈ గుంటలేంటి?"

నేను నోరు తెరిచేలోపు నా భార్య నా కాలు తొక్కింది.

"గుంటలేంటక్కా, మామిడి పిందెలు! మా ఆయన సొంతంగా చెక్కారు."

ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను వెనకేసుకురావడం అదే మొదలు. నా ఒళ్ళు పొంగిపోయింది. ఆ సంతోషంలో, "మీ చిన్నమ్మాయి పెళ్ళికీ పీట నేనే చేస్తా వదినగారూ!" అనేశాను.

మా ఆవిడ నా రెండో కాలు కూడా తొక్కింది.