నేను చంపిన ముగ్గురు అవ్వలు

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో నేను ముగ్గురు ముసలమ్మలను చంపాను. కంగారు పడకండి, ముగ్గురూ ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నారు. చచ్చినంత పనైంది మాత్రం నాకు.

శామీర్‌పేట దగ్గర మా కాలేజీలో రైటింగ్ సెంటర్ అని ఒక గది ఉంది. ఏదైనా రాయాల్సి వచ్చి చేయి ఆడని పిల్లలు అక్కడికి వస్తారు. తోటి విద్యార్థులమే ట్యూటర్లుగా కూర్చుని దారి చూపిస్తాం. నేను పాతదాన్ని కాబట్టి, కొత్త ట్యూటర్లకు తర్ఫీదు కూడా నేనే ఇచ్చేదాన్ని. "వాళ్ల పెన్ను మనం ముట్టొద్దు. అడగాలె, వినాలె, అంతే," అని రోజూ దంచేదాన్ని. గోడకు కూడా అదే రాసి అంటించాను. అలా చెప్పేటప్పుడు నా గొంతు నాకే ఎంత ముద్దొచ్చేదో!

ఆ వేసవిలో గాలి, నీళ్ల పరీక్షలు నేర్పే శిక్షణకు మా కాలేజీ నుంచి ఒక్కరికే అవకాశం. అది ఎందుకు కావాలో ఒక పేజీ రాసివ్వాలి. ఊరి చెత్తంతా పోసే జవహర్‌నగర్ నుంచి వచ్చే రూత్ అనే మొదటి ఏడాది పిల్ల తను రాసింది పట్టుకొచ్చింది. ఆ సీటు తప్ప ఆమెకు వేరే ధ్యాస లేదు.

'చెత్త వాసనకు మా ఇంట్లో కిటికీ తెరవం. ఆ గాలిలో ఏముందో నాకు తెలియాలి.' అదీ ఆమె మొదలుపెట్టిన తీరు. నాకు నచ్చలేదు.

"ఏంది రూత్, మొదట్లనే వాసనా? చదివేటోళ్లు ముక్కు మూసుకుంటరు. వాళ్ల కండ్లల్ల నీళ్లు రావాలె. మీ అవ్వ ఉన్నదా?"

"ఉన్నదక్కా. శామీర్‌పేటల చేపలు అమ్ముతది."

"చనిపోయిందని రాయి. పోయేముందు నీ చెయ్యి పట్టుకొని, 'బిడ్డా, మంచిగ చదువుకో' అన్నదని రాయి."

"అయ్యో, మా అవ్వ మంచిగనే ఉన్నదక్కా!"

"కాయితం మీదనే కదా పోయేది! రాయి."

పెన్ను మాత్రం నేను ముట్టుకోలేదు సుమా. నేను చెప్తూ పోయాను, ఆ పిల్ల రాస్తూ పోయింది. మీరే చెప్పండి, నియమం ఎక్కడ తప్పాను?

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ వారంలోనే అదే సీటు కోసం ఇంకో ఇద్దరు వచ్చారు. చేయి తిరిగినదాన్ని కదా, వాళ్ల అవ్వలనూ అలాగే సాగనంపాను. అదే మంచం, అదే చెయ్యి, అదే చివరి మాట.

సెంటర్ చూసుకునే మేడమే ఆ సీటుకు ఎంపిక కూడా చేస్తారు. సోమవారం ఆవిడ మా నలుగురినీ పిలిచారు. మూడు కాగితాలూ ముందు పెట్టుకుని ఉన్నారు.

"ముగ్గురు అవ్వలూ ఒక్కటే మాట చెప్పి పోయిన్రు. ముందే మాట్లాడుకున్నరా ఏంది?" అన్నారు. "ముగ్గుర్నీ తీసేస్తున్న."

రూత్ మొహం పాలిపోయింది. "మా అవ్వ సావలేదు మేడమ్, కావాలంటే అడుగుండ్రి," అంటూ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "అవ్వా, నువ్వు బతికే ఉన్నవని మా మేడమ్‌కు జర చెప్పు!"

"ఏమైందే? నన్నెవరు సంపిన్రు?" గది దద్దరిల్లింది.

రూత్ నావైపు చూసింది. "మా ట్యూటర్ అక్క."

"గా పిల్లను ఒక్కసారి ఇటు తోలు. చేపలు తోమిపిస్త!"

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. ఎలాగో తమాయించుకుని, "గంట టైమిస్తున్న. ముగ్గురూ ఎవరిది వాళ్లు మళ్లీ రాయండి," అన్నారు. తర్వాత నాకు వేలు చూపించారు. "నువ్వు పక్కన కూసో. నోరు తెరిస్తే ప్రశ్నే రావాలె."

నిజంగా సిగ్గేసింది. ఆ గంటలో రూత్‌ను ఒక్కటే అడిగాను: "కిటికీ మూసుకుంటే ఎట్లుంటది?" ఆ పిల్ల తల ఎత్తకుండా రాసుకుపోయింది. సీటు ఆమెకే వచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక రూత్ నన్ను వాళ్ల అవ్వ దగ్గరికి తీసుకెళ్లింది. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, కత్తిపీట, గంపెడు చేపలు ముందుకు జరిపింది. నాకు చేప ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు.

"రూత్, జర సాయం పట్టవే!"

"కత్తిపీట నేను ముట్టనక్కా," అంది రూత్ నిమ్మళంగా. "అడుగుత, వింట, అంతే."

ఆ గంప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక నా చేతిలో ఏ అవ్వా పోదు. తాతల జోలికి కూడా వెళ్లను.