బర్మావాళ్ళ మొదటి పడుగు

నిన్న మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు కుక్కర్ మూడో కూత కూసింది. స్టవ్ ఆపి వచ్చి, అది చల్లారేదాకా ఏం చెయ్యాలో తోచక టీవీ పెట్టాను. మా ఆవిడ పోయి ఏడాది కాలేదు, ఒక్కడికి వండుకోవడం ఇంకా చేతకాలేదు గానీ వండాక కాసేపు టీవీ ముందు కూర్చోవడం మాత్రం అలవాటైంది. పార్లమెంటు నడుస్తోంది. మంత్రి ఒకాయన లేచి, దేశంలోకి వచ్చేవాళ్ళ విషయంలో, శరణార్థుల విషయంలో ప్రభుత్వం చేస్తున్నదంతా సబబేనని వాదిస్తున్నాడు. మంచి గొంతు. ఎక్కడా మాట తూలలేదు, నిలదీసిన ప్రతివాళ్ళనూ గౌరవ సభ్యులనే అన్నాడు. ఉన్నవాళ్ళకే చాలని చోట కొత్తవాళ్ళను కూర్చోబెట్టలేమని, ఉండకూడదని తేలినవాళ్ళను పంపించేస్తామని అన్నాడు. వెనకనుంచి బల్లలు చరిచారు.

నాకు ఒళ్ళు మండింది. దేశమన్నాక సరిహద్దు ఉండకూడదని అనేంత అమాయకుణ్ణి కాను. కానీ కొంతమందిని పంపించేస్తామనే మాటకు బల్లలు చరిచి సంతోషపడేవాళ్ళను చూస్తూ అన్నం తినబుద్ధి కాలేదు. మా ఆవిడ కూడా అలా వచ్చిన మనిషే.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో శరణార్థులు అనే మాట మా నోళ్ళలో లేదు, కాందిశీకులు అనేవాళ్ళం. రంగూన్‌లో రెండు తరాలు బతికిన మనవాళ్ళను అక్కడి ప్రభుత్వం వెళ్ళగొడితే ఓడలెక్కి మద్రాసులో దిగి, శిబిరాల్లో కొన్నాళ్ళుండి, ఎవరి దారిన వాళ్ళు చెదిరిపోయిన కాలం. అలా ఒక తండ్రీ కూతురూ ఆదోనిలో రైలు దిగి, బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చి, మా మగ్గాల వీధి చివర పాడుబడిన ఇంట్లో చేరారు. ఆ కూతురే తర్వాత మా ఆవిడ. మా మామగారి తాతలు సాలెవాళ్ళే, ఆయనా బర్మాలో మగ్గం నేసినవాడే. ఆ అమ్మాయి తల్లి ఓడలోనే పోయిందట. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, మా నాయనతో పాటు మగ్గంలో కూర్చుంటున్నాను.

వీధికి వాళ్ళు నచ్చలేదు. కారణం నూలు. చేనేత సొసైటీ ఇచ్చే నూలు ఉన్న మగ్గాలకే సరిపోయేది కాదు, నెలలో సగం రోజులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాళ్ళం. ఇక ఆ అమ్మాయి బర్మా ఆడవాళ్ళలా లుంగీ కట్టుకునేది. నీళ్ళకు వస్తే బావి దగ్గర నవ్వులే నవ్వులు. అందరికన్నా పెద్ద నోరు మా అవ్వది.

“ఏం పిల్లా, మీ నాయన లుంగీ నువ్వు కట్టుకుంటే ఆయప్ప ఏం కట్టుకుంటాడే?” అనేది.

ఆ అమ్మాయి తల వంచుకుని వెళ్ళిపోయేది. అవ్వ అంతటితో ఊరుకునేది కాదు. “యాడ్నుంచో వచ్చినారు, ఈడ మా నూలు మీద పడినారు. ఉరుకుంద ఈరన్న సాచ్చిగా సెప్తాండా, వీళ్ళకు నేను గుక్కెడు నీళ్ళు గూడా పొయ్యను” అని వాళ్ళకు వినపడేట్టే అనేది.

వాళ్ళ దూరపు చుట్టం ఒకాయన పూచీ పడితే సొసైటీవాళ్ళు మా మామగారికి ఒక్క పడుగుకు సరిపడా నూలు ఇచ్చారు. అది నేసి బట్ట అప్పజెబితేనే రెండోది. పాడైతే మళ్ళీ నూలు లేదు, నూలు లేకపోతే ఎమ్మిగనూరులో వాళ్ళకు పని లేదు.

మగ్గం పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. నిలువు దారాలన్నిటినీ కలిపి పడుగు అంటారు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు తెల్లవారగానే వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఆ గంజి ఆరేలోగా పెద్ద కుంచెతో ఈ చివరనుంచి ఆ చివరకు దువ్వాలి. ఆలస్యమైతే దారాలు ఒకదానికొకటి అంటుకుని, మగ్గమెక్కాక పుటుక్కుమని తెగిపోతాయి. కుంచె పట్టడానికి ఇటొకరు, అటొకరు, కర్రలు పట్టేవాళ్ళు, తెగిన పోగులు ముడివేసేవాళ్ళు, కనీసం ఏడెనిమిది మంది కావాలి. అందుకే ఎవరింటి పడుగైనా వీధంతా చెయ్యి వేసేది. అడగాల్సిన పని లేదు, పిలవాల్సిన పని లేదు, కర్రల చప్పుడు వినగానే వచ్చేవాళ్ళు. మనిషిని వీధిలోంచి పంపెయ్యాలంటే పొమ్మని చెప్పనక్కరలేదు, చేతులివ్వకపోతే చాలు.

ఆ పొద్దు వాళ్ళిద్దరూ పడుగు సాగదీశారు. కర్రల చప్పుడు అందరికీ వినపడింది. ఎవరూ కదల్లేదు. మగవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. మా నాయన నన్ను చూపుతోనే కూర్చోబెట్టాడు. తండ్రి ఒక పక్క, కూతురు ఒక పక్క కుంచె పట్టుకుని దువ్వుతుంటే రెండో చివర కర్ర పట్టేవాళ్ళు లేక వాలిపోయేది, దాన్ని నిలబెట్టడానికి ఆ అమ్మాయి కుంచె వదిలి పరుగెత్తేది, ఈలోగా ఇక్కడ గంజి ఆరిపోయేది. పడమటి గాలి మొదలైంది. ఎండ గోడలు దిగుతోంది.

“ఆరిపోతోంది నాన్నా” అని ఆ అమ్మాయి అరిచిన అరుపు నాకిప్పటికీ వినపడుతుంది.

మా అవ్వ గడపలో కూర్చుని అంతా చూస్తోంది. దయ తలచిందని రాయలేను, మా అవ్వ అలాంటి మనిషి కాదు. నూలు పాడవడం ఆమె చూడలేకపోయింది. కొంగు బిగించి వీధిలోకి దిగింది.

“ఏమప్పా, కండ్లు లేవా నీకి? బంగారట్లా నూలును ఇట్ల సంపుతాండావే! మీ బర్మాలో ఇట్లనే నేసినారా? అందుకే తరిమినారు మిమ్మల్ని!” అంటూ ఆయన ఎదురుగా కుంచె రెండో కొస పట్టుకుంది. “వంగు, ఇంకా వంగు. ఏం, గూటం మింగినావా?”

“సరేనమ్మగారూ” అన్నాడాయన వంగుతూ.

“అమ్మగారంట! అమ్మగారూ లేదు, అయ్యగారూ లేదు, దువ్వు.” తర్వాత అరుగుల వైపు తిరిగింది. “మీసాలు పెట్టుకోని తమాసా సూస్తాండారా? లెయ్యండ్రా, కర్ర పట్టేదానికి గూడా అక్షింతలేసి పిలవల్లా మిమ్మల్ని?”

ముందు మా నాయన లేచాడు, ఆయన వెనక నేను, తర్వాత ఒక్కొక్కరూ. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. సణుగుతూనే కర్రలు పట్టారు, సణుగుతూనే పోగులు ముడివేశారు. ఎండ వీధి మధ్యకు వచ్చేసరికి పడుగు నునుపుగా, ఎక్కడా అంటుకోకుండా ఆరింది. ఎవరి పడుగైతే వాళ్ళు ఆ పూట అందరికీ తిండి పెట్టాలి. వాళ్ళింట్లో ఏమీ లేదని తెలిసి, మా అవ్వ మా ఇంటి జొన్నరొట్టెలు ఆ అమ్మాయి చేతికిచ్చి, నువ్వే పంచమంది. ఇస్తూ కూడా, “ఆ లుంగీ మార్చుకోనిరా, సూడలేకపోతాండా” అని తిట్టింది.

ఆ బట్ట మగ్గం దిగింది. రెండో పడుగుకు నూలు వచ్చింది. వాళ్ళు ఉండిపోయారు. నాలుగేళ్ళకు మా పెళ్ళయింది, అందుకూ మా అవ్వ తిట్టింది. చివరిదాకా ఒక్క మంచి మాట అనలేదు, చివర్లో మంచాన పడ్డాక మాత్రం మా ఆవిడ చేత్తో తప్ప గంజి తాగేది కాదు. శిబిరంలో అధికారులు తమతో ఎంతో మర్యాదగా మాట్లాడేవారని, ఎక్కడికి పొమ్మంటారని అడిగితే మాత్రం అంతే మర్యాదగా తెలియదనేవారని మా ఆవిడ చెప్పేది.

ఆవిడ పోయిన తర్వాత మా వీధిలోకి బెంగాలీ మాట్లాడే భార్యాభర్తలు పసిబిడ్డతో అద్దెకు వచ్చారు. అతను కొత్త ఇళ్ళలో టైల్స్ వేసేవాడు. వాళ్ళను ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎదురుపడితే నవ్వేవాళ్ళు. ఒక ఉదయం పోలీసులు వచ్చి మీది ఏ దేశమని అడిగి వెళ్ళారు. ఎవరు ఫోన్ చేశారో ఎవరికీ తెలియదంటారు. అద్దెకిచ్చిన ఇంటాయన చేతులు జోడించి మరీ ఖాళీ చెయ్యమన్నాడట. మర్నాడు వాళ్ళు ఆదోనిలో రైలెక్కారని విన్నాను.

మా వీధిలో ఇప్పుడు ఎవరూ ఎవరినీ మొహం మీద తిట్టరు.