మేనమామ ఒడి కోసం కౌలాలంపూర్

మా మనవడికి మూడో ఏడు నిండడానికి రెండు వారాలే ఉన్నాయి. ఈలోపు పుట్టువెంట్రుకలు తీయించకపోతే మళ్ళీ ఐదో ఏడు దాకా ఆగాలి. వాడు నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉన్నప్పుడు మా అమ్మాయి శిరీష సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. అప్పటి నుంచీ వాడికి ఒళ్ళు వెచ్చబడితే చాలు, మొక్కు తీరలేదనే దాని దిగులు. ఇండియా వెళ్ళడానికి సెలవు దొరకలేదు. కౌలాలంపూర్‌లో కొండ గుహలో స్వామి వెలిశాడని మేముండే మెల్‌బోర్న్‌లో కేరమ్ డౌన్స్ గుడిలో ఎవరో చెప్పారు. మేము మెల్‌బోర్న్ నుంచి, మా అబ్బాయి చెన్నై నుంచి బయలుదేరి అక్కడ కలుసుకోవాలని అనుకున్నాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా మా ఇంట్లో పుట్టువెంట్రుకలు తీయరు. అల్లుడు ఆఫీసు పని పడి ఆగిపోయాడు.

శనివారం తెల్లవారుజామున క్లేటన్‌లో ఇల్లు వదిలాం. పులిహోర, పెరుగన్నం నేనే కట్టాను. విమానంలో అమ్మే తిండి మీద నాకు నమ్మకం లేదు. ఎనిమిది గంటల ప్రయాణం. పక్క సీట్లలో ఫిజీ నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు, అప్పల్రాజు, అతని భార్య కమల. అతనికి నలభై దాటి ఉంటాయి. బస్సులు బాగుచేసే షెడ్డులో పని. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చిన తెలుగు కొంచెం మిగిలింది. నన్ను అమ్మా అని పిలిచాడు.

ఆ ఊరు ఎలా ఉంటుందని అడిగాను. "ఏటీ లేదమ్మా, అంతా ట్రాఫిక్కు, సిమెంటు" అన్నాడు. కమల ఒప్పుకోలేదు. చీరలు, పూలు, అరిటాకు భోజనం అన్నీ దొరుకుతాయనీ, ఆ ఊళ్ళో దిగితే తనకు సొంత ఊరికి వచ్చినట్టు ఉంటుందనీ ఇంగ్లీషులో చెప్పింది. శిరీష తెలుగులో చెప్పి పెట్టింది. తాము దిగే లాడ్జి పేరు కూడా ఆవిడే ఇచ్చింది.

మధ్యాహ్నం దిగాం. శిరీష టాక్సీ అంది. నేను బస్సే అన్నాను. ఎయిర్‌పోర్టు కింద అంతస్తులోనే ఊళ్ళోని పెద్ద స్టేషన్‌కు బస్సులున్నాయి. గంట పైన పట్టింది. లోపల చలి ఎక్కువ, వెళ్ళేవాళ్ళు శాలువా పెట్టుకోండి. బస్సు దిగగానే మొహాన వేడి కొట్టింది. అచ్చం మా బెజవాడ ఉక్క. మెల్‌బోర్న్ చలికి పట్టేసిన నా మోకాళ్ళు నాలుగడుగులు వేసేసరికి వదిలాయి. శిరీషకు మాత్రం అక్కడే తలనొప్పి మొదలైంది. లాడ్జి గదికి కిటికీ లేదు గానీ దుప్పట్లు శుభ్రం.

సాయంత్రం అబ్బాయి ఫోను చేశాడు. చెన్నైలో వాన, విమానం రద్దు. సోమవారం దాకా ఇంకోటి లేదట. మా తిరుగు ప్రయాణమే సోమవారం పొద్దున. ముహూర్తం ఆదివారం తొమ్మిదికి.

"నేనే కూర్చోబెట్టుకుంటానమ్మా, స్వామి ఏమనుకోడు" అంది శిరీష.

కుదరదన్నాను. తండ్రీ లేక, మేనమామా లేక ఏం పుట్టువెంట్రుకలని గట్టిగానే అన్నాను. అది పిల్లవాడి జుట్టులో వేళ్ళు పెట్టి దువ్వుతూ అటు తిరిగి కూర్చుంది.

పొద్దున ఆరున్నరకు లాడ్జి పక్క హోటల్లో కాఫీకి దిగాం. అప్పల్రాజు, కమల ఇడ్లీ తింటున్నారు. మా మొహాలు చూసి కమల అడిగింది, శిరీష చెప్పింది. మేనమామ అంటే అమ్మకి అన్న గానీ తమ్ముడు గానీ అని భార్యకు వివరిస్తూ, తనకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు కాబట్టి ఆ పని ఎప్పుడూ పడలేదన్నాడు అప్పల్రాజు. తను కూర్చోవచ్చా అని అడగడానికి మొహమాటపడే మనిషి.

నేను కాఫీ పక్కన పెట్టాను. "నిన్నటి నుంచీ నన్ను అమ్మా అంటున్నావు. మాటవరసకే అన్నావా?"

అతను చేతిలో చెంచా కింద పెట్టేశాడు. "లేదమ్మా."

"అయితే ఇది నీ చెల్లెలు. వెళ్ళి స్నానం చేసి రా."

"పొద్దున్నే చేసినానమ్మా."

"ఇడ్లీ తిన్నావుగా. మళ్ళీ చెయ్యి."

కమల పగలబడి నవ్వింది. శిరీష నా వైపు చూసింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పిల్లవాడి బొత్తాలు సర్దుతూ ఉండిపోయాను.

స్టేషన్‌లో రైలెక్కితే గుడి దగ్గరే దింపుతుంది. టాక్సీ అక్కర్లేదు. కొండ కింద గుండు చేసే చోటు ఉంది. అప్పల్రాజు చొక్కా విప్పి, కండువా కప్పుకుని కూర్చున్నాడు. ఆ కండువా కమల దారిలో కొన్నది. మేనమామ బట్టలు పెట్టాలని నేను చెప్పానని పిల్లవాడికి పట్టుపంచె కూడా కొంది. అది వాడికి ఇంకో రెండేళ్ళకు సరిపోతుంది. మొదటి కత్తెర మేనమామే పెట్టాలన్నాను. బస్సు ఇంజన్లు విప్పే ఆ చేతులతో ఒక్క పాయ పట్టుకుని కత్తిరించాడు. నీళ్ళు తడపగానే పిల్లవాడు ఏడుపు లంకించుకుని అతని డొక్కలో తన్నాడు. అతను వాడి గడ్డం అరచేతిలో పట్టుకుని, "అయిపోనాది నాన్నా, ఆల్మోస్ట్ డన్" అని చివరిదాకా అంటూనే ఉన్నాడు. మంగలి కత్తి ఎక్కడా గీసుకోలేదు. గుండుకు గంధం పూశాక శిరీష చేతులు జోడించి చాలాసేపు నిలబడింది.

పైకి మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళు బాగోలేనివాళ్ళు పొద్దున్నే ఎక్కండి. కొబ్బరికాయ సంచిలో దాచుకోండి. మాది కోతి లాక్కుపోయింది. పిల్లవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని అప్పల్రాజు ఎక్కడా ఆగకుండా ఎక్కాడు. మధ్యాహ్నం అరిటాకు భోజనం అతనే పెట్టించాడు. డబ్బులు ఇవ్వబోతే, చెల్లెలి దగ్గర తీసుకుంటారా అని అవ్వ తిడుతుందన్నాడు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. సామాన్యంగా తీసుకోను.

సోమవారం ఎయిర్‌పోర్టులో పక్కన కూర్చున్న ఒక తెలుగావిడ ఆ ఊరు మురికనీ, చేపల వాసనకు మూడు రోజులు అన్నం సహించలేదనీ చెప్పింది. రైళ్ళు మెల్‌బోర్న్ కంటే నయమని శిరీష అంది. మా విమానానికే వచ్చి, నాలుగు సంచులు ఒళ్ళో పెట్టుకున్న కమల ఇంకో రెండు రోజులుంటే బాగుండేదంది. చేపల వాసన నాకూ వచ్చింది. కానీ ఆ ఊరిని నేనెవరి ముందూ తిట్టలేను. మూడేళ్ళుగా మా అమ్మాయి గుండెల మీద ఉన్న బరువు అక్కడ దిగింది. విమానం లేచాక శిరీష తల వెనక్కి వాల్చి, మెల్‌బోర్న్ వచ్చేదాకా నిద్రపోయింది. పిల్లవాడు పుట్టాక అది అలా నిద్రపోవడం నేను చూడలేదు.

దిగి సామాను కోసం నిలబడ్డాం. అబ్బాయి వీడియో కాల్ చేశాడు. గుండు చూసి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా బదులు ఎవరు కూర్చున్నారమ్మా?" అని అడిగాడు.

ఫోను అప్పల్రాజు వైపు తిప్పాను.

"మీ అన్నయ్య. నమస్కారం పెట్టు" అన్నాను.