రుచి చూసేవాడు

మొన్న దుబాయ్ అల్ నహ్దాలో టీ తాగుతుంటే కెఫెటేరియా టీవీలో ఆయన చావు వార్త వచ్చింది. కింద 'దూరదృష్టి గల నాయకుడు' అని అక్షరాలు పోతున్నాయి. నవ్వొచ్చి టీ పొలమారింది. ఆయన దూరదృష్టి నాకు తెలుసు. ముక్కు మీదున్న కళ్లద్దాల కోసం ఇల్లంతా వెతికించేవాడు. సముద్రం అవతల ఒక చిన్న దేశాన్ని తుపాకీతో పట్టి, ఎనిమిదేళ్లు ఏలి, సొంత సైన్యమే తరిమితే దుబాయ్ వచ్చి పడ్డ జనరల్. ఏ దేశమో చెప్పను. చెబితే అక్కడివాళ్లు సిగ్గుపడతారు.

మా అక్క మొగుడు, జగిత్యాల దగ్గరి పల్లె మనిషి, ఆయన విల్లాలో వంటవాడు. జనరల్‌కి అధికారం గురించీ మనుషుల స్వభావం గురించీ పుస్తకం రాయాలని బుద్ధి పుట్టింది. నేను టైపింగ్ సెంటర్‌లో వీసా ఫారాలు కొట్టేవాణ్ని, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు వచ్చినవాణ్ని, కాబట్టి బావ నన్ను కుదిర్చాడు. కరోనా తగ్గి విమానాలు మళ్లీ తిరుగుతున్న రోజులవి. 'భయం లేనివాడే ఏలగలడు' అని మొదటి అధ్యాయంలోనే రాయించాడు. ఆ నోటికే అన్నం తినాలంటే భయం, ఎవరో విషం పెడతారని. బావ వండాలి, ఎదుట నిలబడి ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా తినాలి, అరగంట ఆగాలి. బావ పడిపోకపోతే అప్పుడు ప్రభువులవారి భోజనం. చల్లారిన కూర తింటూ ధైర్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాడు.

అలా ఉండగా బావ వాళ్లమ్మ పోయింది. కబురొచ్చేసరికి తమ్ముడు కొరివి కూడా పెట్టేశాడు. కనీసం పెద్దకర్మకైనా పోవాలని బావ తపన. పాస్‌పోర్ట్ జనరల్ బీరువాలో ఉంది. బావ తరఫున నేనే ఇంగ్లిష్‌లో అడిగాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "సైనికుడు తల్లి చావును జేబులో పెట్టుకుని కవాతు చేస్తాడు" అన్నాడు. ఆ ముక్క నచ్చిందట, రాసుకోమన్నాడు. రాశాను.

ఆ రోజు వంట చేసి బావ చెంచా ముట్టలేదు.

"పెద్దకర్మ దాకా నీసు ముట్టరాదు, బామ్మర్దీ. ఒక్కపొద్దు ఉన్న. అవ్వకు కొరివి వెట్టకపోతి, గిదన్న జేస్త. సాబ్‌కు జెప్పు."

చెప్పాను. జనరల్‌కి మాంసం లేనిదే ముద్ద దిగదు, ఒకరు తిననిదే తను తినడు. రెండు రోజులు సీలు తీయని బిస్కెట్ పొట్లాలతో గడిపాడు. లక్షలమందిని గడగడలాడించిన మనిషి బిస్కెట్ పొడి ఒళ్లో రాలుతుండగా సోఫాలో వాలిపోయాడు. నాకెంత ఆనందమో చెప్పలేను. మూడో రోజు, ఇంకా వారం పైగా పనికిరానివాణ్ని ఉంచుకుని ఏం లాభమనుకున్నాడేమో, బీరువా తెరిచి పాస్‌పోర్ట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. బావ కళ్లు తుడుచుకుని మేకమాంసం గిన్నె తెచ్చి పెట్టాడు, అలవాటు కొద్దీ.

జనరల్ ఆ గిన్నె వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"నువ్వు చదువుకున్నవాడివి. నా ఆలోచనలు అర్థమయ్యేది ఈ ఇంట్లో నీకొక్కడికే. నువ్వు చూడు రుచి."

అంతే, పొంగిపోయాను. భయం కూడా కాదు, నిజం చెబుతున్నాను, పొంగిపోయాను. చెంచా అందుకుని తిన్నాను. బాగుందని ఇంకో చెంచా కూడా తిన్నాను. అరగంట నన్ను చూస్తూ కూర్చున్నాడు. నేను పడిపోలేదు. తను కడుపునిండా తిని, చేయి కడుక్కుని, వంటవాడు మళ్లీ పనికొస్తాడు కనుక పాస్‌పోర్ట్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ప్రతి ఇంట్లోనూ రుచి చూసేవాడొకడు దొరుకుతాడు. వాణ్ని కనిపెట్టడమే నాయకత్వం. రాసుకో" అన్నాడు. ఒక్క తప్పు లేకుండా కొట్టాను. బావ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

పెద్దకర్మ దాకా రోజూ నేనే తిన్నాను. ఆ రోజున బావ అల్ కుసైస్‌లో ఒక సెలూన్‌లో గుండు చేయించుకుని వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించాడు. ఒకసారి గిన్నెలు తోముతూ అడిగాడు:

"ఉప్పు సరిపోయిందా, బామ్మర్దీ?"

నాలుగేళ్లయింది. ఆ పుస్తకం అచ్చుకాలేదు, మంచిదే, అంతా చెత్త. అందులో ప్రతి వాక్యాన్నీ ఇప్పటికీ వెక్కిరించగలను, నా గురించి రాయించిన ఆ ఒక్కటీ తప్ప. ఎన్నేళ్లు గడిచినా అది అబద్ధం కావడం లేదు.