మూలకు కొట్టిన ముద్ర

మొన్న నంద్యాలలో మా మామగారి మాసికం అయ్యాక, ఆయన ట్రంకుపెట్టె సర్దుతూ మా ఆవిడ ఒక పాత కవరు నా చేతికిచ్చింది. అంచు చింపలేదు. పార్లమెంటు బొమ్మ ఉన్న స్మారక తపాలా బిళ్ల, దాని మూలకు మాత్రమే తగిలిన ఆళ్లగడ్డ ముద్ర. ఆ ముద్ర కొట్టింది నేనే.

ఆళ్లగడ్డ పోస్టాఫీసులో నేను కొత్తగా గుమాస్తాగా చేరిన రోజులవి. అహోబిలం గుడిలో పారాయణం చేసే మా పెదనాయన ఆ బిళ్ల కోసమే బస్సెక్కి వచ్చాడు. బొమ్మ కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న సంస్కృతాన్ని కళ్లజోడు పైకెత్తి చదివి, కలిసి నడవండి, కలిసి మాట్లాడండి అని పూర్వులు సభకు చెప్పిన మాట సర్కారుకు ఇన్నాళ్లకు గుర్తొచ్చిందని మురిసిపోయాడు. సభకు పోకున్నా ఫరవాలేదు గానీ, పోయి, నిజం తెలిసీ ఊరకున్నవాడికి పాపం తప్పదని కూడా అన్నాడు. వెనక వరస పెరుగుతోందని నేను లోపల విసుక్కున్నాను.

ఆయన తెచ్చిన జాబు చిన్న విషయం కాదు. పారాయణం వంతు తమదేనని దాయాదులు పేచీ పెడితే, గడువులోగా రాసి బదులివ్వమన్నారు మా బంధువుల్లో పెద్దలు. ఆ పెద్దలకు పెద్ద మా మామగారే. రిజిస్టరు చేద్దామంటే పెదనాయన నొచ్చుకున్నాడు.

"మనోళ్లకు రాసే జాబుకు రిజిస్టరు ఏందప్పా. ముద్ర మాత్రం మూలకు కొట్టు, బొమ్మ కింద ఉండే ఆ మాట మీద పడనీయొద్దు."

గడువుకు నాలుగు రోజుల ముందే ఆ జాబును నా చేత్తో సంచిలో వేశాను. తీరా ఆ పెద్దల సభలో మా మామగారు జాబే రాలేదన్నారు. నాకు పెళ్లై మూడు నెలలు. ఆయన ముఖం చూసి, తల దించుకుని, చాపలో పుల్లలు తుంచుతూ కూర్చున్నాను. వంతు దాయాదులకు పోయింది. బయట చెప్పులు వేసుకుంటూ పెదనాయన నా వైపు చూశాడు.

"నువ్వు ఆడనే ఉంటివి గదప్పా."

మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈనాటికీ ఎక్కడ పారాయణం జరుగుతున్నా, ఆ గొంతుల్లో ఆయన గొంతు వినబడుతుందేమోనని భయపడి లేచి వచ్చేస్తాను. చింపకుండా, పారేయకుండా ఆ జాబును మామగారు ఇన్నేళ్లు ఎందుకు దాచారో, ఆయన్నీ అది నిద్రపోనివ్వలేదేమో.

ఇప్పుడు బిళ్ల అంటించి జాబు రాసేవాళ్లు లేరు. బంధువుల పంచాయితీలు సెల్‌ఫోన్ల గ్రూపుల్లోనే తేలిపోతున్నాయి, అక్కడ అందరూ ఒక్కసారే మాట్లాడతారు. ఆ కవరు నా చేతికిస్తూ, ఎవరిదీ జాబు, మా నాయన చింపనేలేదే అని మా ఆవిడ అడిగింది. తండ్రి పోయి నెలైనా ఏడుపు ఆగని మనిషి.

దస్తూరీ గుర్తుపట్టలేకపోతున్నానన్నాను.