ఇంజనుకి తలంటు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, నాన్నమ్మకి చెప్పలేదు, నేను ఏ పూట ఏం తిన్నానో కూడా ఓపిగ్గా వినే నా డైరీకి సైతం చెప్పలేదు. ఆ సాయంత్రం నేను షాపు దాకా వెళ్ళాను. షాపు ముందు నుంచి అటు నడిచాను, ఇటు నడిచాను. చివరికి పక్క కొట్లో తెల్లదారం ఉండ ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చేశాను. ఆ దారం ఉండ పుణ్యమా అని మా బాబాయి పెళ్ళి ఏట్లో కొట్టుకుపోబోయింది. ఎలాగో చెబుతాను. నవ్వండి గాని మరీ గట్టిగా నవ్వకండి, నాకు సిగ్గెక్కువ.

దానియేలు బాబాయి మా నాన్నకి తమ్ముడు. విశాఖపట్నం హార్బరులో పని. ఎనభైల మొదట్లో ఒకసారి సెలవుకి వస్తూ పాత బోటు మోటారు తెచ్చాడు. పడవ వెనక తగిలించే టూ స్ట్రోక్ ఇంజను. దాన్ని మా నాటు పడవకి బిగించి, మా గోదావరి పాయ వైనతేయ మీద రయ్యిన ఒక చుట్టు తిరిగి, ఆ రోజు నుంచి పడవ తోసే గెడ ముట్టుకోవడం నామోషీ అన్నాడు.

అయితే ఆ ఇంజనుకి చలి పడేది కాదు. ఎండాకాలమంతా బుద్ధిగా నడిచేది. మంచు పడే నెలలు రాగానే, బడికి పోనని మంచం కోడు పట్టుకున్న పిల్లాడిలా బిగుసుకుపోయేది. బాబాయి తాడు లాగేవాడు, ప్లగ్గు ఊడదీసి తుడిచేవాడు, మళ్ళీ లాగేవాడు, ఆఖరికి బతిమాలేవాడు.

"బంగారుతల్లివి కదూ! ఒక్కసారమ్మా, ఒక్కసారి!"

"అన్ని ముద్దుమాటలూ దానికే ఖర్చు పెట్టేస్తే పెళ్ళాం వచ్చేక ఏం మిగులుతాయిరా?" అనేది నాన్నమ్మ.

ఇక్కడ నేను ప్రవేశిస్తాను. నాకు మనుషులతో మాట్లాడ్డం రాదు గాని, అచ్చయిన అక్షరమైతే పకోడీ పొట్లం కాగితాన్నైనా వదలను. మోటారుతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఇంట్లో ఎవరూ తెరవలేదు. నేను నవల చదివినట్టు చదివాను.

"బాబాయ్, చల్లగా ఉన్నప్పుడు ఈ చోక్ పిడి పూర్తిగా లాగాలట. స్టార్టయ్యాక మెల్లిమెల్లిగా తొయ్యాలట."

బాబాయి లాగాడు. ఇంజను ఠక్కున అందుకుంది. ఆ క్షణం నుంచి నేను ఇంట్లో 'ఇంజనీరమ్మ'ని. ఆ బిరుదు వినగానే నేను నేలకి జానెడు ఎత్తున నడవడం మొదలుపెట్టాను. అంత ఎత్తు నుంచి పడ్డాను కాబట్టే దెబ్బ అంత గట్టిగా తగిలింది.

మీకు ఒక్క విషయం చెప్పాలి. ఈ రకం ఇంజనుకి నూనె విడిగా పొయ్యరు, పెట్రోల్లోనే కలిపేస్తారు. అన్నమూ మందూ ఒకే ముద్దలో పెట్టేసినట్టు. నూనె అందకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని పట్టేస్తుంది.

ఇంతలో బాబాయికి సంబంధం కుదిరింది. ఏటి మధ్య లంకలో ఇశ్రాయేలుగారి అమ్మాయి సుగుణ. పిల్లకి ఇష్టమే, బాబాయికి మరీ ఇష్టం. అనుమానమంతా ఇశ్రాయేలుగారిదే. నాకు బిరుదు రాకముందు, పెళ్ళిచూపులకి బాబాయి ఇంజను పడవలో పొద్దున్నే బయలుదేరి, మధ్యలో అది మొరాయించగా, దీపాలు పెట్టే వేళకి చేరాడు మరి. మా నాన్న స్కూలు మాస్టారు. ఆయనతో ఇశ్రాయేలుగారు మర్యాదగానే చెప్పారు.

"ఆయ్, చూడండి మాస్టారూ. క్రిస్మస్ పొద్దున్న ఆరాధన అవ్వగానే ప్రధానం పెట్టుకుందారి. ఆ తర్వాత పాస్టరుగారు పై లంక గుడికి వెళ్ళిపోతారండి. ఆయన పడవెక్కేలోగా మీ తమ్ముడుగారు ఉంగరంతో వచ్చేరా, సంతోషం. రాలేదా, మా పిల్లకి వేరే చోట చూసుకుంటామండి. ఏమీ అనుకోకండేం."

ఏర్పాట్ల కోసం అమ్మా నాన్నా ముందురోజే లంకకి వెళ్ళారు. తెల్లారేసరికి బాబాయి, కొంగున ఉంగరం ముడేసుకున్న నాన్నమ్మ, నేను ఇంజను పడవలో రావాలి. బాబాయి పడవకి రంగు కాగితాలు అంటిస్తూ నన్ను పిలిచాడు.

"ఇంజనీరమ్మా, ఆయిల్ అడుగంటిందమ్మా. రేవు దగ్గర సైకిల్ షాపులో మోపెడ్లకి పోసేది ఉంటుంది. తెచ్చి, పెట్రోల్లో కలిపి ఉంచు."

"ఆయ్, బాబాయ్."

షాపుకి వెళ్తూ దారంతా వాక్యం వల్లించుకున్నాను. "టూ స్ట్రోక్ ఆయిల్ ఉందాండీ? టూ స్ట్రోక్ ఆయిల్ ఉందాండీ?" తీరా వెళ్తే షాపు ముందు బల్ల మీద ఊళ్ళో కుర్రాళ్ళందరూ సోడాలు తాగుతూ కూర్చున్నారు. నన్ను చూడగానే మాటలాపారు. నా వాక్యం నోట్లోనే కరిగిపోయింది. తర్వాత జరిగింది మీకు ముందే చెప్పాను: అటు, ఇటు, దారం ఉండ.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. 'శుభ్రమైన, మేలు రకం నూనె వాడవలెను' అని ఉంది. కోనసీమలో శుభ్రమైన, మేలు రకం నూనె అంటే ఏమిటో ఎవరినైనా అడగండి! తలకి అదే, ఒంటికి అదే, దెబ్బకి అదే, తలుపు కిర్రుమంటే బందుకి అదే. మా చెట్ల కాయలు, మా ఊరి గానుగ. తలుపుకి పనికొచ్చింది ఇంజనుకి పనికిరాదా? ఇంత చక్కగా ఆలోచించిన ఆడపిల్ల జిల్లాలో మరొకతె ఉండదనుకున్నాను. పుస్తకంలో చెప్పిన కొలత పోసి, పండగ కదా అని మరో చెంబు పోశాను. 'బాగుగా కుదుపవలెను' అని కూడా ఉంది. ట్యాంకు బరువుగా ఉంది. వదిలేశాను.

తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా ఉందంటే, నాన్నమ్మ పక్కనే ఉన్నా దగ్గుని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. బాబాయి చోక్ లాగాడు, తాడు లాగాడు. పైపులో మిగిలిన పాత పెట్రోలుతో ఇంజను బ్రహ్మాండంగా అందుకుంది. సరిగ్గా ఏటి మధ్యకి వచ్చాక 'గళక్' అని ఒక్క గుటక మింగి ఆగిపోయింది.

బాబాయి లాగాడు. లాగాడు. చొక్కా విప్పి లాగాడు. లంక వైపు నుంచి గుడి గంట వినిపించింది.

"ఆరాధన అయిపోయినట్టుందిరా," అంది నాన్నమ్మ. "గెడ తియ్యి."

"గెడ తేలేదమ్మా."

"ఎంచేత?"

"ఇంజను పడవలో గెడేంటని..."

"నీ నామోషీ తగలెయ్య! ఆటు మీద ఉంది ఏరు. ఇలా పోతే ప్రధానం సముద్రంలో చేపలతోనే!"

బాబాయి ట్యాంకు మూత తీసి, లోపల చూద్దామని అగ్గిపుల్ల గియ్యబోయాడు. నాన్నమ్మ చేతి మీద ఒక్కటి వేసింది. అగ్గిపెట్టె ఏట్లో పడింది. బ్యాటరీ లైటు వేసి చూశాడు.

"అమ్మా! అడుగున తెల్లగా మంచు గడ్డకట్టిందే!"

"కోనసీమలో మంచుగడ్డేంట్రా!"

నాన్నమ్మ పుల్లతో కొంచెం తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత ఇద్దరూ కలిసి నాకేసి చూశారు. నేను నీళ్ళకేసి చూశాను.

"పెట్రోల్లో ఏం కలిపావమ్మా?" అన్నాడు బాబాయి. ఆ గొంతులో అంత ప్రేమ ఉంటే నాకు భయం.

"నూనె."

"ఏం నూనె?"

"మన నూనె."

"ఎంత?"

"పండగ కదా అని..."

చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని కోనసీమలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఏటా శీతాకాలంలో నేనే సీసా ఎండలో పెట్టేదాన్ని. కాని ఆ జ్ఞానం తల దువ్వుకునే అద్దం దగ్గరే ఉండిపోయింది, ఇంజను దాకా రాలేదు.

"ఏముంది, పొయ్యి పక్కన పెడితే కరుగుతుంది," అంది నాన్నమ్మ.

"అమ్మా, నీకు దణ్ణం, పొయ్యి మాటెత్తకు! అది పెట్రోలు!"

"అయితే ఇలా తే."

ట్యాంకుని ఒళ్ళో పెట్టుకుని దుప్పటి కప్పింది. అటు నుంచి నేనూ కావలించుకున్నాను. జ్వరమొచ్చిన పిల్లని పట్టుకున్నట్టు ఇద్దరం పట్టుకుని కూర్చున్నాం. బాబాయి పైపు ఊడదీసి ఊదుతూ, మధ్యమధ్య క్యారేజీ మూతతో నీళ్ళు వెనక్కి తోస్తూ, "సుగుణా, సుగుణా" అని గొణుక్కున్నాడు. కాస్త ఎండ పొడిచింది. లోపల ఏదో బుడుక్కుమంది. బాబాయి ట్యాంకుని పట్టుకుని, ఎవరి మెడ అనుకున్నాడో గాని, శివాలెత్తినట్టు కుదిపాడు. పైపు బిగించి తాడు లాగాడు.

అందుకుంది! తెల్లటి పొగ మబ్బులా లేచింది. ఆ పొగ వాసన మీకెలా చెప్పను? కొబ్బరి లౌజు కళాయిలో కొంచెం అడుగంటినట్టు కమ్మగా ఉంది. మాకంటే ముందు అది లంకకి చేరింది. మేం వెళ్ళేసరికి పిల్లలంతా ముక్కులెగరేస్తూ ఒడ్డున నిలబడ్డారు. పాస్టరుగారి ఒక కాలు ఒడ్డున, ఒక కాలు పడవలో ఉంది. ఇశ్రాయేలుగారు మొహం గంటు పెట్టుకుని మా నాన్న వైపు తిరిగారు.

"ఏమండీ మాస్టారూ, మీ తమ్ముడుగారు లౌజు వండుకుంటూ వస్తన్నారేంటండీ? అందుకా ఆలస్యం?"

బాబాయి పడవలోంచి చేతులు జోడించాడు. ముక్కు మీద మసి, జుట్టు నిండా రంగు కాగితాలు.

"లౌజు కాదండీ. మా అమ్మాయి పండగని ఇంజనుకి తలంటిందండీ."

నేను నాన్నమ్మ దుప్పటిలోకి దూరాను. ఇశ్రాయేలుగారి గొంతు దగ్గరగా వినిపించింది.

"మరి కుంకుళ్ళు పెట్టలేదేం తల్లీ?"

ఆయనే ముందు నవ్వారు. తర్వాత లంకంతా నవ్వింది. "ఇంజనుకి కూడా తలంటే ఇంటికి పిల్లనివ్వకపోతే ఎలాగండీ పాస్టరుగారూ?" అన్నారు ఇశ్రాయేలుగారు. పాస్టరుగారు పడవలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నారు. ప్రధానం రేవులోనే, ఆ కమ్మటి వాసనలోనే జరిగింది.

"పాపం, పుస్తకాల పిల్ల. షాపులో ఆయిల్ తెమ్మంటే తెలీక ఇది పోసేసింది," అని అందరూ తీర్మానించారు. నేను ఖండించలేదు. నా తల మీద, అది నూనె పెట్టిన తలే, చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో నూనె అన్నది జడకి తప్ప దేనికీ పొయ్యను, తలుపు కిర్రుమంటే కిర్రుమననీ.

అప్పుడు కొత్త ఉంగరం చేతిని కొంగులో దాచుకుంటూ సుగుణ పిన్ని నా పక్కకి వచ్చింది. అప్పటిదాకా ఆవిడ తలెత్తి ఎవరితోనూ మాట్లాడలేదు. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకి వంగి అడిగింది.

"షాపు దగ్గర కుర్రాళ్ళున్నారామ్మా?"