కప్ప గెలిచిన పందెం

పెళ్లి కాకముందు చెప్పిన ఒక అబద్ధం ఇప్పటిదాకా నా దగ్గరే ఉంది. అదేమంత పెద్దది కాదని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెద్దది కాకపోతే ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు? మీరు నన్ను ఎరగరు, నా పేరు అడగరు. అందుకే మీతో చెప్తున్నాను.

మాది గద్వాల, చీరలు నేసే ఇల్లు. మేనత్త కొడుకుతో సంబంధం కుదిరింది. బావది వనపర్తి. అక్కడ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. పేచీ అంతా కాపురం ఎక్కడన్న దగ్గరే వచ్చింది. నేను మగ్గం వదిలి రానన్నాను, అతను దుకాణం వదిలి రానన్నాడు. మగ్గం ఎక్కడైనా వేసుకోవచ్చు కదా అంటారేమో. రంగులద్దేవాళ్లు, పోగులు అతికేవాళ్లు, చీరలు కొనేవాళ్లు అందరూ ఇక్కడే ఉంటారని అప్పట్లో అందరితో వాదించాను. అసలు సంగతి అది కాదు. పుట్టిన ఊరు వదలడం నాకు ఇష్టం లేదు, అంతే. ఆడపిల్ల అలా అనకూడదని అందరూ అనేసరికి పంతం ఇంకా పెరిగింది. పెద్దవాళ్లు విసిగిపోయి, మీరే తేల్చుకోండన్నారు.

బావకు వీడియో గేముల పిచ్చి. చిన్నప్పుడు వాళ్ల వీధి పిల్లలు రెండు జట్లట. ఒక కంపెనీ ఆటల్లో హీరో ఎర్ర జాకెట్ నక్క, ఇంకో కంపెనీకి కళ్లద్దాల కప్ప. ఆ రెండు కంపెనీలకూ పడదు కాబట్టి ఈ పిల్లలకూ పడేది కాదు. నక్క జట్టులోని మా బావ, కప్ప జట్టువాళ్లతో ఒక ఎండాకాలమంతా మాట్లాడలేదట. అలాంటిది, ఆ ఇద్దరినీ ఒకే ఆటల పోటీలో దించిన గేము ఒకటి పాత మెషీన్‌తో పాటు అతని దుకాణానికి వచ్చింది. బాగుచేసి, సంబరంగా మా ఇంటికి తెచ్చాడు. నక్కా కప్పా పక్కపక్కన నిలబడి జెండాకు దండం పెడుతుంటే రెప్ప వేయకుండా చూశాడు. మీటలు నొక్కే ఆట కాదది. చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే బొమ్మ పరుగెత్తుతుంది.

ఆడుకొమ్మని మెషీన్ మా దగ్గరే వదిలి వెళ్లాడు. నక్క అతనిది కదా, నేను కప్పను పట్టుకున్నాను. రెక్కలు పడిపోయేలా చేతులు ఊపినా మెషీన్ చేతిలో ఓడిపోయేదాన్ని. ఒకరోజు అలసిపోయి, మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె విసిరినట్టు మణికట్టు మాత్రమే ఆడించాను. నేతలో భుజానికి పెద్ద పనుండదు. కప్ప దూసుకుపోయింది.

తర్వాత వచ్చినప్పుడు పందెం మాట బావే ఎత్తాడు. ఎవరు గెలిస్తే వాళ్ల ఊళ్లో కాపురం. సరేనన్నాను. ఇద్దరం టీవీ ముందు నిలబడ్డాం.

"గిది ఎట్ల ఊపాలె? జర చిన్నగ ఊపితె సాలదా?" అని అడిగాడు.

"సాలదు బావా. భుజం దాక లేపాలె. లేకపోతె ఉరకదు."

"గంతేనా?"

"గంతే."

నమ్మాడు. నేను చున్నీ చేతిమీదికి లాక్కున్నాను. అలా లాక్కోవడం ఎందుకో నాకు తెలుసు, నా మణికట్టు అతనికి కనబడకూడదు. అతను చొక్కా తడిసేలా ఊపాడు, నక్క వెనకబడింది. కాసేపు టీవీ వైపే చూసి, నవ్వి, "మాట మాటనే" అన్నాడు. దుకాణం ఇంకొకరికి అప్పజెప్పి గద్వాలకు వచ్చేశాడు.

ఇల్లరికపోడని వెనకాల అన్నవాళ్లున్నారు. ముఖానే అన్నవాళ్లూ ఉన్నారు. బావ ఒక్కసారైనా ఆ మాట తెచ్చి నా మీద వేయలేదు. పైగా ఇంటికి ఎవరొచ్చినా నా చెయ్యి ఎంత గట్టిదో చెప్పి, ఆ పందెం కథ మొదలుపెడతాడు. నేను చాయ్ పెట్టే వంకతో లేచి వెళ్లిపోతాను. అతనికి తెలుసా? ఎన్నో రిమోట్లు విప్పి బిగించినవాడికి తెలియకుండా ఉంటుందా? అడిగితే తేలిపోతుంది. అడగను.

మేం సుఖంగానే ఉన్నాం. ఇది పాపాన్ని కప్పిపుచ్చుకోవడానికి అనడం లేదు. నా మగ్గం నాకుంది, బిడ్డ చక్కగా చదువుకుంటోంది, సాయంత్రాలు నా పక్కన కూర్చుని అతను చెప్పే కబుర్లకు పొద్దు తెలియదు. ఇక్కడ కూడా చిన్న దుకాణం పెట్టుకున్నాడు. నడుస్తోంది.

మొన్న పెళ్లికి వనపర్తి వెళ్లినప్పుడు తన పాత దుకాణం ముందు ఆగాడు. అక్కడి మనిషి ఏదో ఫోన్‌తో కుస్తీ పడుతుంటే, తను తీసుకుని, స్టూలు జరుపుకుని కూర్చుని విప్పాడు. దారినపోయేవాళ్లు ఒక్కొక్కరే పేరు పెట్టి పలకరిస్తున్నారు. అందరికీ జవాబు చెప్తూ, నవ్వుతూ పని చేస్తున్నాడు. గద్వాలలో అతను అంత హుషారుగా పని చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ.

తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. లేపి చెప్పేద్దామనుకున్నాను. గద్వాల దగ్గరపడేకొద్దీ నాకు ప్రాణం లేచివచ్చింది. చెప్పలేదు.

ఆ పందెం మళ్లీ పెడితే ఈసారైనా సరిగ్గా ఆడతానా అని ఎన్నోసార్లు అడిగి చూసుకున్నాను. ఆడను. ఇది మీకైనా చెప్పగలిగాను.